పాత సైనిక పిస్తోళ్ల మీద పరదేశపు ముద్రలు

పాత పిస్తోలు చేతికి రాగానే ఎవరైనా ముందు వెతికేది దాని మీది ముద్రల కోసమే. కిరీటం కనిపిస్తే ఇంగ్లండుదనీ, రెండు తలల గద్ద కనిపిస్తే రష్యాదనీ, కోలగా గీసిన గీత లోపల ఇ.ఎల్.జి. అన్న అక్షరాలుంటే బెల్జియందనీ తీర్పు చెప్పేస్తారు. వేలంపాటల జాబితాలూ, అక్కడక్కడా మ్యూజియం చీటీలూ ఇదే దారి పట్టాయి. ఈ తీర్పులు తప్పిపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఒకటుంది. ప్రూఫ్ మార్కు గొట్టానికి జరిగిన పరీక్ష గురించి చెబుతుంది. ఆ పిస్తోలు ఎక్కడ పుట్టిందో, ఏ సైనికుడి నడుమున వేలాడిందో చెప్పే పని దానిది కాదు. బంగారు గొలుసు మీది హాల్‌మార్క్ చూసి మేలిమి తెలుసుకుంటాం గానీ, దాన్ని చేసిన కంసాలి ఎవరో, మెడలో వేసుకున్నది ఎవరో తెలుసుకోలేం కదా.

ఆ పరీక్ష ఎలా జరిగేదో తెలిస్తే ముద్రల సంగతి సగం అర్థమవుతుంది. మామూలుగా వాడే దానికంటే చాలా ఎక్కువ మందు దట్టించి, గుండు దింపి, మనుషులు దళసరి గోడ చాటున ఉండి కాల్చేవారు. పగలకుండా నిలిచిన గొట్టాన్ని అధికారి తీసుకుని లోపలా బయటా వెతికేవాడు. ఎక్కడైనా ఉబ్బిందా, సన్నని చీలిక తీసిందా, అతుకు విడిందా అని చూసేవాడు. మందు దెబ్బకు తట్టుకున్నందుకు ఒక ముద్ర, కంటి పరీక్షలో నెగ్గినందుకు మరొకటి. ఇంగ్లండు గొట్టాల మీద ముద్రలు తరచు జంటగా కనిపించడానికి కారణం ఇదే. 1637లో మొదటి చార్లెస్ రాజు సనదుతో ఏర్పడిన లండన్ గన్‌మేకర్స్ కంపెనీ ముద్రల్లో కిరీటం కింద జి.పి. అక్షరాలున్నది ప్రూఫ్ మార్కు. కిరీటం కింద వి. ఉన్నది చూపు ముద్ర. రివాల్వర్ల విషయంలో గొట్టంతో పని తీరదు. పేలుడు జరిగేది సిలిండర్‌లో కాబట్టి, తూటా కూర్చునే ప్రతి అర దగ్గరా చిన్న ముద్ర పడుతుంది.

సైనిక పిస్తోలు మీద ఇవి కాక ఇంకా ఎన్నో ఉంటాయి. తయారుచేసినవాడి పేరో గుర్తో ఉంటుంది. సేన తరఫున సరుకు తీసుకున్న తనిఖీదారు అక్షరాలుంటాయి. ఇది ప్రభుత్వ సొత్తు అని చెప్పే ముద్ర ఉంటుంది. ఏ రెజిమెంటుకు ఇచ్చారో, ఆ దళంలో ఎన్నో నంబరో ఉంటుంది. చివరికి సేన వదిలించుకున్నప్పుడు, వ్యాపారి కొన్నప్పుడు, ఇంకో దేశంలో దిగుమతి అయినప్పుడు పడే ముద్రలు వేరు. వీటన్నిటినీ కలిపి ప్రూఫ్ మార్కులు అనడం వాడుకలో స్థిరపడిపోయింది. నా దృష్టిలో గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. ప్రతి ముద్రకూ కొట్టించిన యజమాని వేరు, అడిగే ప్రశ్న వేరు. ఏది ముందు పడింది, ఏది తర్వాత పడింది అని వరుస తేల్చుకుంటేనే ఆ పిస్తోలు ప్రయాణం బయటపడుతుంది.

ఈ ప్రయాణానికి స్మిత్ అండ్ వెసన్ రష్యన్ రివాల్వర్ మంచి ఉదాహరణ. 1871లో రష్యా ప్రభుత్వం ఆ అమెరికన్ కంపెనీకి 20,000 రివాల్వర్ల ఆర్డరిచ్చింది. సరుకును ఫ్యాక్టరీ దగ్గరే పరీక్షించడానికి తన అధికారిని మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు పంపింది. అందుకే అమెరికాలో పుట్టిన ఆ ఉక్కు మీద రష్యా రెండు తలల గద్దా, రష్యన్ అధికారి ఓర్దినెట్స్ పొడి అక్షరాలు కే.ఓ. కనిపిస్తాయి. ఆ గద్ద చెప్పేది అంగీకారం గురించి. అదే రివాల్వర్‌ను తర్వాత బెర్లిన్‌లో లుడ్‌విగ్ లోవె కంపెనీ, రష్యాలోనే తూలా కర్మాగారం కూడా తయారుచేశాయి. మూడింటి రూపం ఒక్కటే. వాటిని విడదీసేది తయారీదారు పేరే. జపాన్ నౌకాదళం కొన్న స్మిత్ అండ్ వెసన్‌ల మీద లంగరు గుర్తుంటుంది. ఒక్క కంపెనీ సరుకే ఎన్ని జెండాల కిందికి వెళ్లిందో చూడండి.

ముద్రలు చదివేవాళ్లకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురుపడే ఊరు లీజ్. బెల్జియంలో ఉన్న ఈ పట్టణం ప్రపంచంలో సగానికి తుపాకులు అమ్మిన ఊరు అంటే పెద్ద అతిశయోక్తి కాదు. అక్కడి ప్రిన్స్ బిషప్ మాక్సిమిలియన్ హెన్రీ 1672లోనే గొట్టాలను పరీక్షించి ముద్ర కొట్టాలని ఉత్తర్వు చేశాడు. ఆ ఊరి నడిబొడ్డున ఉన్న పెరోన్ అనే స్తంభం గుర్తుగా మారింది. ఫ్రెంచి ఏలుబడిలో 1810 డిసెంబరులో నెపోలియన్ డిక్రీ వచ్చింది. సామ్రాజ్యంలో తయారయ్యే తుపాకులన్నీ ప్రూఫ్‌కు రావాలన్నది దాని సారం. కోల గీతలో ఇ.ఎల్.జి. అక్షరాలు అప్పటి నుంచి వచ్చాయి. లీజ్ పరీక్ష అని చెప్పే ఫ్రెంచి మాటల పొడి అక్షరాలవి. నెపోలియన్ పోయినా, నెదర్లాండ్స్ పాలన వచ్చి వెళ్లినా, బెల్జియం స్వతంత్రమైనా ఆ గీత మాత్రం నిలిచింది.

ఆ ఒక్క ముద్ర చుట్టూ జరిగిన చిన్న మార్పులే మనకు తేదీలు చెబుతాయి. 1853 నుంచి అక్షరాల కింద నక్షత్రం చేరింది. 1893 నుంచి ఆ కోల గీత నెత్తిన కిరీటం ఎక్కింది. తనిఖీ చేసిన అధికారి అక్షరానికి 1853 నుంచి 1877 వరకు పైన కిరీటం, ఆ తర్వాత నక్షత్రం. కాబట్టి లీజ్ ముద్ర ఉన్న పిస్తోలు మీద నక్షత్రముండి, గీత మీద కిరీటం లేకపోతే ఆ గొట్టం 1853కూ 1893కూ మధ్య పరీక్షకు వెళ్లిందని నమ్మకంగా చెప్పొచ్చు. తనిఖీ అక్షరం చదవగలిగితే ఆ నలభై ఏళ్లు ఇంకా తగ్గుతాయి. భూతద్దం కింద కనబడే ఓ నక్షత్రపు పొడుపు ఇంత పని చేస్తుంది. అయితే అరిగిపోయిన గొట్టం మీద నక్షత్రం, కిరీటం చివరలే ముందు పోతాయి. అక్కడ ఏమీ కనబడలేదంటే అక్కడ ఏమీ లేదని అనుకోకూడదు. వెలుగును పక్క నుంచి పడనిచ్చి చూడాలి.

లీజ్ ముద్ర ఉన్నంత మాత్రాన అది బెల్జియం సైన్యపు పిస్తోలైపోదు. అక్కడి వర్క్‌షాపుల్లో విడి గొట్టాలు తయారై ఇతర దేశాల్లో తుపాకుల్లో బిగిశాయి. పూర్తిగా అక్కడే తయారైన పిస్తోళ్లు దక్షిణ అమెరికా నుంచి తుర్కీ దాకా వెళ్లాయి. ఇతరుల నమూనాలను అనుకరించిన సరుకు కూడా అక్కడ విస్తారంగా తయారైంది. అందులో కొన్నింటికి ఇంగ్లండు వాటిలా టవర్ అన్న మాటా, కిరీటమూ కొట్టేవారు. కాబట్టి లీజ్ ముద్రతో పాటు సేన అంగీకార ముద్ర, రెజిమెంటు గుర్తు ఉన్నాయా అన్నది రెండో ప్రశ్న. అవి లేకపోతే పౌరులకు అమ్మిన సరుకై ఉండడమే ఎక్కువ సహజం.

టవర్ ముద్ర మీద ఇంతకంటే ఎక్కువ భ్రమ ఉంది. బ్రిటిష్ సేనకు ఆయుధాలు సమకూర్చే ఆర్డ్‌నెన్స్ బోర్డు లండన్ టవర్‌లో వాటిని పరీక్షించి నిల్వ చేసేది. అసలైన ఆర్డ్‌నెన్స్ పిస్తోలు లాక్ ప్లేట్ మీద కిరీటం, దాని కింద రాజు పొడి అక్షరాలు జి.ఆర్., వెనక వైపు టవర్ అన్న మాట, ప్రభుత్వ సొత్తని చెప్పే బాణపు మొన గుర్తు ఉంటాయి. గొట్టం మీద కిరీటం కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉన్న రెండు రాజదండాలు. కానీ టవర్ అన్న మాటను ప్రైవేటు బర్మింగ్‌హామ్ వ్యాపారులు ఎగుమతి సరుకు మీద ధారాళంగా కొట్టేవారు. ఆఫ్రికా వర్తకానికి వెళ్లిన చౌక తుపాకుల మీద ఆ మాట సర్వసాధారణం. బాణపు మొన లేని టవర్‌ను నేను ప్రభుత్వ సొత్తుగా లెక్కించను.

రాజదండాల దగ్గర ఇంకో ఉచ్చుంది. 1813లో పార్లమెంటు చట్టంతో బర్మింగ్‌హామ్‌కు సొంత ప్రూఫ్ హౌస్ వచ్చింది. అది ఈనాటికీ పనిచేస్తోంది. అది కూడా అడ్డంగా ఉన్న రాజదండాలనే, నెత్తిన కిరీటంతో సహా, ముద్రగా తీసుకుంది. తేడా అక్షరాల్లో ఉంది. ప్రూఫ్ మార్కులో దండాల మధ్య ఖాళీల్లో బి., పి., సి. అక్షరాలుంటాయి. చూపు ముద్రలో వి. ఉంటుంది. ఈ రూపం 1904 వరకు సాగింది. ఆ తర్వాత కిరీటం కింద బి.వి., బి.పి. వచ్చాయి. గొట్టం అరిగి అక్షరాలు మాసిపోతే మిగిలేది కిరీటం, రెండు దండాలే. అప్పుడు మామూలు వ్యాపార పిస్తోలు సైతం రాజుగారి సేనదిగా గౌరవం పొందుతుంది. 1813కు ముందే కెట్లండ్ వంటి బర్మింగ్‌హామ్ వ్యాపారులు సొంత పరీక్షకు ఇలాంటి దండాల గుర్తే వాడడం ఆ చిక్కును ఇంకా పెంచింది. అందుకే ఇక్కడ ముద్ర ఒక్కటే చూసి తేల్చకూడదు. లాక్ లోపలి వైపు తనిఖీదారు నంబరు, చెక్క మీద స్టోర్‌కీపర్ ముద్ర, మొత్తం పిస్తోలు కొలతలు కలిసి మాట్లాడాలి.

సేన నుంచి బయటికి వెళ్లేటప్పుడు కూడా పిస్తోలు ముద్ర వేయించుకునేది. రెండు బాణపు మొనలు ఎదురెదురుగా, చివర్లు తాకేలా కొడితే ప్రభుత్వం దాన్ని అమ్మేసిందని అర్థం. ఆ తర్వాత బజారులో అమ్మాలంటే లండన్ లేదా బర్మింగ్‌హామ్ పౌర ప్రూఫ్ కావాల్సి వచ్చేది. అందుకే బ్రిటిష్ సేన వాడిన వెబ్లీ రివాల్వర్ల మీద సేన ముద్రలకు పక్కనే ఎన్నో ఏళ్ల తర్వాతి పౌర ముద్రలు తగులుతాయి. 1925 నాటి నిబంధనల తర్వాత విదేశంలో తయారై బ్రిటన్‌లో పరీక్షకు వచ్చిన తుపాకుల మీద ఇది ఇంగ్లండు తయారీ కాదు అనే మూడు ఇంగ్లిష్ మాటలు కొట్టడం మొదలైంది. ఆ పద్ధతి 1955 దాకా నడిచింది. 1880ల నాటి రివాల్వర్ మీద ఈ మాటలుంటే కంగారు పడనక్కరలేదు. అది రెండో జీవితపు ముద్ర.

కోల్ట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సామ్యుల్ కోల్ట్ 1853లో లండన్ పిమ్లికోలో ఫ్యాక్టరీ పెట్టి కొన్నేళ్లు నడిపాడు. అక్కడ తయారైన 1851 నేవీ రివాల్వర్ల మీద లండన్ ప్రూఫ్ ముద్రలుంటాయి. హార్ట్‌ఫర్డ్‌లో తయారై లండన్‌లో అమ్మకానికొచ్చిన వాటి మీదా అవే ముద్రలుంటాయి. రెండింటికీ తేడా చెప్పేది గొట్టం మీద చెక్కిన చిరునామాయే. క్రిమియా యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం కొన్న వాటి మీద యుద్ధశాఖకు గుర్తైన డబ్ల్యు.డి. అక్షరాలు, బాణపు మొన అదనంగా చేరాయి.

చాలామంది మరచిపోయే విషయం ఇంకోటుంది. బ్రిటిష్ అధికారులు తమ పిస్తోళ్లు తామే కొనుక్కునేవారు. అందుకే సేన ముద్ర లేక, పౌర ప్రూఫ్ మాత్రమే ఉన్న రివాల్వర్ యుద్ధానికి వెళ్లలేదని చెప్పలేం. మద్రాసులో పి. ఆర్ అండ్ సన్స్, కలకత్తాలో మాంటన్ వంటి దుకాణాల పేర్లు గొట్టాల మీద కనిపించేది ఈ కారణం వల్లనే. అలాంటి పేరు అమ్మినవాడిదే కావచ్చు, చేసినవాడిది కాకపోవచ్చు.

మన దేశంలో దొరికే చెకుముకి పిస్తోళ్లలో ఈస్టిండియా కంపెనీవి ప్రత్యేకం. నాలుగు భాగాలు చేసిన హృదయాకారంలో కంపెనీ పొడి అక్షరాలు, పైన నాలుగు అంకె లాంటి గీత 1808 దాకా దాని గుర్తు. ఆ తర్వాత ముందు కాళ్లు ఎత్తి నిలబడ్డ సింహం వచ్చింది. ఆ గొట్టాల మీద సాధారణంగా కిరీటం కింద జి.పి., వి. ముద్రలుంటాయి. అంటే పరీక్ష లండన్ గన్‌మేకర్స్ కంపెనీది, సొత్తు ఈస్టిండియా కంపెనీది. మద్రాసు సేనలో, అంటే కోస్తా జిల్లాల నుంచి సిపాయిలు చేరిన ఆ సేనలో, ఇలాంటి ఆయుధాలే నడిచాయి. హైదరాబాద్‌లో పరిస్థితి ఇంకో రకం. నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ నడిపిన దళాలు 1798లో రద్దయి, కంపెనీ దళాలు ఆ స్థానంలోకి వచ్చాయి. అలాంటి నగరంలో ఫ్రెంచి ముద్రలూ ఇంగ్లిష్ ముద్రలూ రెండూ ఎదురుపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలోకి వెళ్లేవారు ఒకసారి ఆ గొట్టాల మీదికి వంగి చూడాలని నా కోరిక.

శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ పనిశాలల్లో తయారైన పిస్తోళ్లు ఈ లెక్కలో ఇమడవు. వాటి మీది పులి చారలు, తండ్రి హైదర్ పేరును సూచించే గుర్తు, టిప్పు తానే నెలకొల్పిన మౌలూదీ శకంలో వేసిన సంవత్సరం రాజముద్రలు. యూరప్ తరహా ప్రూఫ్ హౌస్ ముద్రలతో వాటిని కలిపి చదవకూడదు.

జర్మనీ విషయంలో ముద్ర లేకపోవడమే పెద్ద సాక్ష్యం. తప్పనిసరి ప్రూఫ్ చట్టం 1891 మే నెలలో వచ్చి, 1893 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి దిగింది. కాబట్టి 1870లలో జూల్‌లో తయారైన ప్రైవేటు రివాల్వర్ మీద ప్రూఫ్ మార్కు లేకపోతే అందులో వింతేం లేదు. ఉంటేనే దాని కథ వెతకాలి. చట్టం తర్వాత కిరీటం కింద బి., యు., జి. వంటి అక్షరాలు వచ్చాయి. జి. అంటే గొట్టం లోపల మెలితిరిగిన గాడులున్నాయని. పొగరాని మందుతో పరీక్షించిన వాటికి ఎన్. వచ్చింది. చట్టం వచ్చేనాటికి దుకాణాల్లో ఉన్న పాత సరుకు కోసం కిరీటం కింద వి. కొట్టారు. ఇక్కడే జాగ్రత్త కావాలి. లండన్‌లో చూపు ముద్ర కూడా కిరీటం, వి. కిరీటం ఆకారం చూసి, పక్కన ఉన్న మిగతా ముద్రలు చూసి తేల్చుకోవాలి. 1879, 1883 నమూనాల జర్మన్ సేన రివాల్వర్లది వేరే దారి. సేన తనిఖీదారుల అక్షరాలు జర్మన్ గోతిక్ లిపిలో కిరీటం కింద ఉంటాయి. రెజిమెంటు వివరాలు పొడి అక్షరాలతో, అంకెలతో చెక్కి ఉంటాయి. ఏ దళానికి ఎలా ముద్రించాలో చెప్పే సర్కారు నిబంధనలే ఉన్నాయి కాబట్టి, ఒక్క పిస్తోలు ఫలానా దళంలో ఎన్నో ఆయుధమో చెప్పగలిగే దేశం జర్మనీ. ముద్రలు చదివే పనిలో అంతకంటే ఆనందం ఇచ్చేది నాకు మరొకటి లేదు.

ఆస్ట్రియా ఇంకా తేలిక. సేన అంగీకరించినప్పుడు వియన్నాకు గుర్తైన రెండక్షరాలు, రెండు తలల గద్ద, పక్కన సంవత్సరపు చివరి రెండంకెలు కొట్టేవారు. 1912 నమూనా స్టెయర్ పిస్తోలు మీద 14 అని ఉంటే 1914లో తీసుకున్నదని అర్థం.

ఫ్రాన్స్‌లో సైనిక ఆయుధాలు ఎక్కువగా ప్రభుత్వ కర్మాగారాల్లోనే పుట్టాయి కాబట్టి సెంత్ ఎతియెన్, షాటెల్‌రో, మ్యూట్‌జిగ్ పేర్లు లాక్ మీదో గొట్టం మీదో కనిపిస్తాయి. గొట్టం వెనక తోక మీద నమూనా సంవత్సరం చెక్కి ఉంటుంది. 1822 తర్వాత టి. అక్షరం, దాని పక్కన బిస్ అన్న మాట ఉంటే అది చెకుముకి నుంచి దెబ్బకు పేలే రాగి టోపీకి మారి, తర్వాత లోపల గాడులు కూడా వేయించుకున్న పిస్తోలు. ఒక్క పంక్తిలో మూడు దశల చరిత్ర అది. స్పెయిన్‌లో ప్రూఫ్ తప్పనిసరైంది 1923లో. సంవత్సరానికో అక్షరం పద్ధతి 1927లో మొదలైంది. అందువల్ల మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సేన స్పెయిన్‌లోని ఐబార్ నుంచి తెప్పించుకున్న రూబీ పిస్తోళ్ల మీద స్పెయిన్ ప్రూఫ్ కోసం వెతకడం వృథా. తయారీదారుకు గుర్తైన రెండక్షరాల కోసం చూడాలి. ఇటలీలోనూ చట్టం వచ్చింది 1923లోనే.

అమెరికాలో ప్రభుత్వ ప్రూఫ్ హౌస్ పద్ధతి లేదు. అక్కడి సైనిక రివాల్వర్ల విలువంతా తనిఖీదారుల పొడి అక్షరాల్లో ఉంది. కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ మీద ఓ.డబ్ల్యు.ఎ. అంటే ఐన్స్‌వర్త్, డి.ఎఫ్.సి. అంటే డేవిడ్ క్లార్క్, ఆర్.ఎ.సి. అంటే రినాల్డో కార్. ఐన్స్‌వర్త్ తనిఖీ చేసిన రివాల్వర్లకు అమెరికా సేనాని కస్టర్ నాటి అశ్వదళంతో సంబంధం ఉండొచ్చన్న ఆశతో విపరీతమైన ధర పలుకుతుంది. అందుకే నకిలీ ముద్రలు కూడా అక్కడే ఎక్కువ.

నకిలీని పట్టుకోవడం పుస్తకంతో కుదిరే పని కాదు. సుత్తితో కొట్టిన ముద్ర చుట్టూ లోహం కొద్దిగా పైకి తోసుకొస్తుంది. ఏళ్ల వాడకంలో ఆ అంచు అరుగుతుంది. లోపలి గుంటలో తుప్పు చుట్టుపక్కల తుప్పు రంగులోనే ఉంటుంది. గొట్టమంతా నున్నగా అరిగి, ముద్ర అంచులు మాత్రం పదునుగా ఉంటే అనుమానించాలి. గుంట లోపల లోహం మెరుస్తుంటే ఇక చెప్పక్కర్లేదు. పెషావర్ దగ్గరి దర్రా ఆదం ఖేల్‌లో చేసిన నకళ్లను పట్టించేది వేరే లక్షణం. అక్షరాలు తలకిందులుగా ఉంటాయి, స్పెల్లింగ్ తప్పుతుంది, రాణి ముద్ర పక్కన రాజు కాలపు తేదీ ఉంటుంది. అవి ఆ పనివాళ్ల చేతి నైపుణ్యానికి సాక్ష్యాలుగా వాటి మటుకు అవి భద్రపరచాల్సినవే. ఇంగ్లండు ఆయుధాలని మాత్రం రాయకూడదు.

ప్రూఫ్ కంటే నంబరే ఎక్కువ సాక్ష్యమిచ్చే సందర్భాలూ ఉన్నాయి. 1914 ఆగస్టులో కలకత్తాలో తుపాకులమ్మే రోడా కంపెనీకి వచ్చిన 50 మౌజర్ పిస్తోళ్లను విప్లవకారులు తరలించుకుపోయారు. వాటి నంబర్లన్నీ కంపెనీ పుస్తకాల్లో ఉన్నాయి. ఆ తర్వాత ఎక్కడెక్కడో దొరికిన మౌజర్లు ఆ యాభైలోవా కావా అని పోలీసులు తేల్చింది ఆ నంబర్లతోనే.

పుస్తకాలు లేవని కాదు. డెన్మార్క్‌కు చెందిన స్టోకెల్ తుపాకుల పనివాళ్ల గుర్తులను పోగుచేసిన గ్రంథం, తర్వాత జర్మన్‌లో విస్తరించిన దాని కొత్త రూపం, విర్న్స్‌బెర్గర్ ప్రూఫ్ మార్కుల సంకలనం ఈ రంగంలో ఇప్పటికీ చేతికింద ఉండాల్సినవి. అయితే ఆ పుస్తకాల్లోని బొమ్మలు శుభ్రంగా గీసినవి. మన ముందున్నది సగం చెరిగిన గుర్తు. పాతది కదా అని ఇసుక కాగితంతో రుద్దితే ఆ సగం కూడా పోతుంది. కొద్దిగా నూనె, మెత్తటి గుడ్డ చాలు. లీజ్, జర్మనీ ముద్రలు తరచు గొట్టం అడుగున, చెక్క కప్పిన చోట దాక్కుంటాయి. అనుభవమున్నవారి చేత విప్పించి చూడాలి. అయితే ముద్ర ఉంది కదా అని కాల్చి చూడకూడదు. పాత ప్రూఫ్ ఆనాటి నల్ల తుపాకి మందుకు ఇచ్చిన హామీ. ఈనాటి తూటాకు అది వర్తించదు.

ఇక రాసే పద్ధతి. బెల్జియం సైనిక పిస్తోలు, పందొమ్మిదో శతాబ్దం అని చీటీ మీద రాస్తే తర్వాత వచ్చే పరిశోధకుడికి అందేది ఏమీ ఉండదు. అదే పిస్తోలు గురించి ఇలా రాయొచ్చు. గొట్టం ఎడమ పక్క వెనక భాగాన నక్షత్రంతో, కిరీటం లేని ఇ.ఎల్.జి. కోల ముద్ర. దాని కింద నక్షత్రంతో తనిఖీ అక్షరం. అడుగున బర్మింగ్‌హామ్ చూపు ముద్ర, దాని అంచులు కొత్తవి. సేన అంగీకార ముద్ర కనబడలేదు. ముద్రలు నాలుగు దిక్కుల నుంచి వెలుగు వేసి తీసిన ఫొటోలు జతచేయడమైనది. ఇందులో ఊహ ఒక్కటీ లేదు. అయినా ఆ గొట్టం లీజ్‌లో 1877కూ 1893కూ మధ్య పరీక్షకు వెళ్లిందనీ, తర్వాత ఎప్పుడో ఇంగ్లండు చేరిందనీ చదివినవారు వెంటనే తేల్చుకోగలుగుతారు.